యాదమ్మగారి నాలుగో మునక

దిల్‌సుఖ్‌నగర్,
ఆదివారం

అక్కకు,

ఈ పొద్దున కిటికీ తెరిస్తే ఎదురు గోడ మీది కోచింగ్ సెంటర్ పోస్టరు వానకు సగం ఊడి ముందుకు వంగి ఉంది. ర్యాంకులు వచ్చిన పిల్లల్లో పై వరుసవాళ్ళ ముఖాలు కింది వరుసవాళ్ళను కప్పేశాయి. కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. తర్వాత కాగితం తీసుకున్నాను.

నువ్వూ బావా చింటూ బాగున్నారని తలుస్తాను. అమ్మకు మోకాలి నొప్పి ఎలా ఉంది? నాన్నకు ఈ వారం ఏ షిఫ్టు? వానలో తడుస్తూ రావద్దని చెప్పు. చెప్పినా వినరని తెలుసు, అయినా చెప్పు. నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను. హాస్టల్ సాంబారు మారలేదు, నేనే అలవాటు పడ్డాను. గదిలో మిగతా ముగ్గురూ ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నారు. గోడవైపు తిరిగి పెదవులు కదుపుతూ బట్టీ పెడతారు. వాళ్ళ చదువుకు అడ్డం రావడం ఎందుకని నేను కూడా పుస్తకం పట్టుకుని కూర్చుంటాను. ఒక్కోసారి సాయంత్రం నుంచి పడుకునేదాకా నా గొంతు నాకే వినపడదు. దాని గురించి బెంగ పడకు. నేను బాగానే ఉన్నాను.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాసిందా అనుకుంటావు. మన ఇంట్లో ఫోన్ వస్తే స్పీకర్‌లో పెడతారు. ఇది అమ్మ వినకూడదు. అందుకే నీ అంగన్‌వాడీ అడ్రసుకు పంపుతున్నాను. చదివాక ఇంటికి తీసుకెళ్ళకు.

శ్రీలంక వెళ్ళి వచ్చానని ఫోన్‌లో చెప్పాను కదా. గుడి బాగుంది, సముద్రం బాగుంది అని మాత్రమే చెప్పాను. మిగతాది ఇది.

మా ఆఫీసులో యాత్రలకు మనుషులను తీసుకెళ్ళే అతనికి పాస్‌పోర్టు గడువు అయిపోయిందని బయల్దేరడానికి పది రోజుల ముందు తెలిసింది. మా సార్ సుబ్బారావుగారు నన్ను పిలిచి, "ఏమ్మా స్వర్ణా, నీకు పాస్‌పోర్టు ఉందంటగా, ఇంగ్లీషూ వచ్చు. నువ్వెళ్ళు. ఏడుగురే, అందరూ పెద్దోళ్ళు, దేవుడి పేరు చెప్పుకుని తిరిగొస్తారు. నువ్వు చేసేదేం ఉండదు" అన్నారు. డిగ్రీలో ఉండగా నువ్వు బలవంతంగా చేయించిన పాస్‌పోర్టే అది. ఎప్పటికైనా పనికొస్తుందని అన్నావు.

ఏడుగురూ వనస్థలిపురంలో ఒకే కాలనీవాళ్ళు. ట్రింకోమలీలో శాంకరీదేవి దర్శనం వాళ్ళకు ముఖ్యం. పద్దెనిమిది శక్తిపీఠాల్లో అదొకటి మిగిలిపోయిందని మల్లయ్యగారు విమానంలో అందరికీ లెక్క చెప్పారు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన భార్య యాదమ్మగారు. ఊరు నల్లగొండ దగ్గర. వ్యాను ఎక్కినప్పుడల్లా మల్లయ్యగారు తలుపు దగ్గర నిలబడి అందరూ ఎక్కేదాకా చూసి "రైట్ రైట్" అనేవారు. యాదమ్మగారు, "ఇగ చాలు తియ్యి, పింఛను ఇస్తున్నరు గద, ఇంక డ్యూటీ ఏంది" అనేది. మొదటి రోజు నుంచీ ఆమె నన్ను తన పక్క సీటులోనే కూర్చోబెట్టుకుంది. నేను మాట్లాడకపోయినా ఆమెకు ఇబ్బంది ఉండదు. ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడుతుంది.

దర్శనం అయిన మర్నాడు పడవ. మా టూరులో అది కూడా ఉంది. పొద్దున తిమింగలాలు చూపించి, వచ్చేటప్పుడు ఒక చిన్న దీవి దగ్గర స్నార్కెలింగ్ చేయిస్తారు. ముఖానికి అద్దాల మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని నీటి మీద బోర్లా తేలుతూ కింద చేపలను చూడటం. పడవ చిన్నది, పది మందికి మించి పట్టదు. ఆ రోజు పౌర్ణమి. అక్కడ ప్రతి పౌర్ణమికీ సెలవు. అందుకని మామూలుగా యాత్రికులతో నీళ్ళలోకి ఇద్దరు గైడ్లు దిగాల్సింది, సెల్వం ఒక్కడే వచ్చాడు. యాభై దాటిన మనిషి. తమిళం, కొంచెం ఇంగ్లీషు మాట్లాడతాడు. లైఫ్ జాకెట్లు తనే అందరికీ తొడిగి, క్లిప్పు టక్కున పడేదాకా నొక్కి, ఒకసారి గట్టిగా లాగి చూశాడు. నీళ్ళలో ఉన్నంతసేపూ క్లిప్పు ముట్టుకోకూడదు అన్నాడు. ఆ మాట తెలుగులో వాళ్ళకు చెప్పింది నేనే.

అక్కా, తిమింగలం సంగతి నీకు చెప్పాలి. గంటన్నర పోయాక ఇంజన్ ఆపేశారు. చుట్టూ ఏమీ లేదు. తర్వాత దూరంగా నీటి మీద పెద్ద ఆవిరి లేచింది. చప్పుడు కొంచెం ఆగి మా దగ్గరికి వచ్చింది, కుక్కర్ మూత తీసినట్టు.

"ఏంది, ఇంజన్ లీకైందా?" అన్నారు మల్లయ్యగారు. అప్పటికే ఆయనకు రెండుసార్లు వాంతి అయింది.

"నీ మొకం, ముంగట చూడు."

వీపు పైకి వచ్చింది. వస్తూనే ఉంది. అయిపోయింది అనుకున్నప్పుడల్లా ఇంకా ఉంది. నేను పుస్తకాల్లో దాని పొడవు ఎన్నోసార్లు చదివాను. అంత సేపు పడుతుందని ఏ పుస్తకంలోనూ లేదు. ఆఖరుకు తోక లేచి నిలబడి, చప్పుడు లేకుండా లోపలికి వెళ్ళిపోయింది. అక్కడ నీళ్ళు నూనె పోసినట్టు నున్నగా మిగిలాయి.

యాదమ్మగారు చేతులు జోడించి, "మత్స్యావతారం. తండ్రీ, చాలు" అంది.

"గది చేప కాదంటనే. పాలిచ్చేదంట. మేడం చెప్పింది" అన్నారు మల్లయ్యగారు నన్ను చూపించి.

"పాలిస్తే మంచిదే గద. తండ్రి కాదు, తల్లి. గంతేనా?"

అందరూ నవ్వారు. నేను కూడా గట్టిగానే నవ్వాను.

తొమ్మిదిన్నరకు దీవి దగ్గర లంగరు వేశారు. దిగుతామన్నది నలుగురే. సెల్వం ముందు ముగ్గురిని పగడపు దిబ్బ వైపు తీసుకెళ్ళాడు. యాదమ్మగారిని పడవ నిచ్చెన పట్టుకుని అక్కడే ఉండమనీ, వాళ్ళను తిప్పి తీసుకొచ్చాక ఆమె వంతు అనీ చెప్పాడు. మల్లయ్యగారు పడవకు అటువైపు తల వంచుకుని కూర్చున్నారు. మిగతా ఇద్దరూ ఆయన పక్కనే ఒరిగి కునుకు తీస్తున్నారు. పడవ నడిపేవాడు ముందు భాగంలో తాడు సర్దుతున్నాడు. నిచ్చెన దగ్గర నేను, నీళ్ళలో ఆమె.

ఆమె కూతురి పంజాబీ డ్రెస్ వేసుకుని వచ్చింది. మాస్కు నుదుటి మీదకు తోసేసి, ముక్కు మూసుకుని మునగబోయింది. తల మునగలేదు. జాకెట్ ఆమెను పైకి తెచ్చేసింది. మళ్ళీ ప్రయత్నించింది. గడ్డం దాకా వెళ్ళి పైకి లేచింది.

"గిదేంది బిడ్డా, నెత్తి మునగనిస్తలేదు!"

అటు నుంచి మల్లయ్యగారు తల ఎత్తకుండానే, "బెండు లెక్క తేలుతున్నవ్. ఊకుండు, చేపలు చూసి రా" అన్నారు.

"నేను చేపలకొచ్చిన్నా? పున్నమినాడు సముద్రంల దిగి నెత్తి తడవకుంట పోతే ఏం పుణ్యం? చెప్పు బిడ్డా."

చేపలు చూడటానికి దిగే చోట ఆమె స్నానానికి దిగింది. టూరు కాగితం మీద స్నార్కెలింగ్ అని రాసింది నేనే. ఆ కాగితం చదివి మా వాళ్ళు ఏమనుకుంటారో నాకు తట్టలేదు. పౌర్ణమి, సముద్రం, అమ్మవారి దర్శనం మర్నాడు. మన అమ్మయినా అదే అనుకుని ఉండేది.

తర్వాత ఆమె జాకెట్ నిచ్చెనకు వేలాడుతోంది. ఆమె ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, ఇంకో చేత్తో ముక్కు మూసుకుంది. మొదటి మునక తన పేరు మీద. రెండోది మల్లయ్యగారి పేరు మీద. మూడోది సముద్రం చూడకుండానే పోయిన వాళ్ళమ్మ పేరు మీద. మూడుసార్లూ పైకి వచ్చి జుట్టు వెనక్కి తోసుకుని నవ్వింది. చిన్నపిల్లలా ఉంది.

"మీ అమ్మ పేరేంది బిడ్డా?"

చెప్పాను.

"ఆమె పేరు మీద ఒకటి" అని మునిగింది.

అప్పుడే ఇంకో పడవ పోయింది. దాని అల వచ్చి మా పడవ లేచింది. నిచ్చెన లేచింది. ఆమె చెయ్యి దాని మీద లేదు.

అక్కా, నేను అరవాలి. సెల్వం ముప్పై అడుగుల దూరంలో ఉన్నాడు. నోరు తెరిచాను. నాకు వచ్చిన మాట 'ఎక్స్‌క్యూజ్ మీ'. మన కాన్వెంటు స్కూల్లో సిస్టర్‌గారి గది తలుపు దగ్గర నిలబడి అన్నట్టు అన్నాను. రెండుసార్లు అన్నాను. రెండోసారి మొదటిదానికంటే కొంచెం మర్యాదగా అన్నానేమో కూడా. నాకు ఈత రాదు. చెయ్యి చాచాను. నీళ్ళు తగిలాయి.

నా గొంతు విని కాదు, నా వీపు చూసి మల్లయ్యగారు లేచి వచ్చారు. ఒక్క చూపు చూసి, "హోల్డాన్! హోల్డాన్!" అని అరిచారు. అన్నేళ్ళు నిండిన బస్సులో ఆపమంటూ వెనక నుంచి డ్రైవరు దాకా వినిపించిన గొంతు అది. సెల్వం తిరిగాడు. ఆ ముగ్గురినీ ఒకరి చెయ్యి ఒకరికి పట్టించి వచ్చాడు. మునిగాడు, పైకి వచ్చాడు, మళ్ళీ మునిగాడు. రెండోసారి ఆమె ఉంది.

పడవలో బోర్లా పడుకోబెట్టి నీళ్ళు కక్కించారు. ఊపిరి వచ్చింది. కళ్ళు తెరిచి మొదట చున్నీ కోసం వెతుక్కుంది. అక్కడి ఆస్పత్రిలో రెండు రోజులు ఉంచి, ప్రయాణం చేయవచ్చని పంపించారు. విమానంలో మామూలుగానే ఉంది. నాకు తన బిస్కెట్లు కూడా ఇచ్చింది. ఇంటికి వచ్చిన మూడో రోజు జ్వరం, ఆయాసం. ఊపిరితిత్తుల్లోకి పోయిన ఉప్పునీళ్ళ వల్ల నిమ్ము చేరిందని అన్నారు. ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఒక ఆస్పత్రిలో ఉంది. ఈ రోజుకు తొమ్మిది రోజులు.

ఆఫీసు అయ్యాక రోజూ వెళ్తున్నాను. ఇక్కడి నుంచి మెట్రోలో మూడో స్టేషను. మొదటి రోజుల్లో మల్లయ్యగారు వరండాలో ఉండేవారు, నన్ను చూడగానే బెంచీ మీద జరిగి చోటిచ్చేవారు. ఇప్పుడు చూడరు. పక్కన కూర్చుంటే కొంతసేపటికి తెలుస్తుంది ఆయనకు. నిన్న టిఫిను డబ్బా విప్పి సగం చపాతీ నా చేతిలో పెట్టి, "తిను బిడ్డా. పరేషాన్ గాకు. నువ్వు అక్కడ ఉన్నవ్ గాబట్టే దొరికింది. నేను అటు మొకం పెట్టి కూసున్న, ఏం లాభం" అన్నారు. ఆ చపాతీ కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

మొన్న బుధవారం ఆమెకు కొంచెం నయంగా ఉంది. గంజి తాగించడానికి పది నిమిషాలు ఆక్సిజన్ మాస్కు తీశారు. నన్ను దగ్గరికి రమ్మని వేలు కదిపింది.

"మీ అమ్మకు చెప్పినవా, పేరు మీద మునిగిన అని?"

"చెప్పాను."

"ఏమన్నది?"

"సంతోషపడింది."

"మస్తుండె గద, ఆ తల్లి" అంది. తిమింగలం గురించి. తర్వాత మాస్కు పెట్టేశారు. గురువారం నుంచి మళ్ళీ బాగాలేదు. నిన్న ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేయాల్సి రావచ్చని డాక్టరు వాళ్ళబ్బాయిని లోపలికి పిలిచి చెప్పారు.

వాళ్ళబ్బాయి శ్రీకాంత్ చెడ్డవాడు కాదు. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. శుక్రవారం మా ఆఫీసుకు వచ్చాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"మేడం, మా అమ్మ వేళ్ళు ఒంగవు. వాతం. చీరకు పిన్నీసు కూడ మా చెల్లెనే పెడ్తది. గసుంటి మనిషికి గంత గట్టి క్లిప్పు ఎట్ల ఊడుతది? పాడైంది గాబట్టే ఊడింది. మీరు కళ్ళార చూసిండ్రు. మీరే రాసియ్యాలె."

అతను వెళ్ళాక సుబ్బారావుగారు తలుపు దగ్గరగా వేసి, నన్ను కూర్చోమన్నారు. ఎప్పుడూ కూర్చోమనరు.

"చూడమ్మా, నువ్వేం కంగారు పడబాక. నీ మీదకి రాకుండా నేను చూసుకుంటాగా. జాకెట్టు క్లిప్పు పాడైపోయింది, పడవోళ్ళు చూసుకోలేదు. అంతే. పడవ కంపెనీకి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టు. సోమవారం పొద్దున్నే నా బల్ల మీద ఉండాలి."

"పడవ మీద అతను..." అన్నాను.

"ఎవరు, ఆ తమిళాయనా? అతన్ని ఎలాగూ పడవ ఎక్కనివ్వట్లేదంట. మన కాగితం వెళ్తే తీసేస్తారు. ఇంకో పడవ చూసుకుంటాడు, మనకెందుకమ్మా? ఏం, అంతసేపు ఆలోచిస్తావేం?"

క్లిప్పు తనే పెట్టి, లాగి చూశానని సెల్వం అక్కడ వాళ్ళతో చెప్పాడట. ఎవరూ నమ్మలేదు. అలాంటి మాట వచ్చిన మనిషిని ఆ తీరంలో ఇంకెవరూ పడవ ఎక్కించుకోరని అక్కడి ఏజెంటు అన్నాడట. నా ఫోనుకు అతని దగ్గర నుంచి రెండు మెసేజీలు వచ్చాయి. ఆ అమ్మ ఎలా ఉంది, నేను రోజూ దండం పెట్టుకుంటున్నాను, దయచేసి చెప్పండి అని. ఇంగ్లీషు తప్పులతో ఉంది. క్లిప్పు గురించి ఒక్క మాట లేదు. చదివాను. జవాబు రాయలేదు. చదివానని అతనికి తెలుస్తుంది, ఆ రెండు నీలం గుర్తులు పడతాయి కదా.

నిన్నటి నుంచి ఆ కాగితం మూడుసార్లు రాశాను. మూడూ మంచి ఇంగ్లీషే. సిస్టర్‌గారు చూస్తే ఒక్క తప్పు కూడా దిద్దరు. ఎవరు చేశారో చెప్పకుండా జరిగినదంతా రాయడం మనకు ఆరో తరగతిలోనే నేర్పారు. ఒకదాంట్లో క్లిప్పు ఊడినట్టు కనిపించిందని రాశాను. ఇంకోదాంట్లో ఊడి ఉందని గమనించానని రాశాను. మూడోదాంట్లో ఏమీ గమనించలేదని రాశాను. మూడూ మడిచి దిండు కింద పెట్టాను. నాలుగోది రాద్దామని కూర్చుంటే అది నీకు ఈ ఉత్తరం అయింది.

నువ్వు ఇక్కడ ఉంటే ఏం చేయాలో చెప్పేదానివి. నేను అడగకుండానే చెప్పేదానివి. నాకు అదే కావాలి. కానీ ఇది నీ చేతికి వచ్చేసరికి సోమవారం అయిపోతుంది. ఫోన్ చేయాలని నాలుగుసార్లు నీ నంబరు తీశాను. నువ్వు ఎత్తగానే "చెప్పవే" అంటావు. నాకు అక్కడే మాట రాదు.

ఈ సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాలి. వెళ్ళి బెంచీ మీద కూర్చోవడం తప్ప నేను చేసేది ఏమీ లేదు. అయినా వెళ్తాను.

నా గురించి దిగులు పడకు. ఆరోగ్యం బాగానే ఉంది. వీలైతే గోంగూర పచ్చడి చిన్న సీసా ఎవరితోనైనా పంపు, బస్సు పార్సిల్‌లో వద్దు, కిందటిసారి కారింది. నా ట్రంకులో పాత ఊదా రంగు చీర ఉంది, మెత్తనిది, అది కూడా పంపు. చింటూకు తిమింగలం బొమ్మ కొన్నాను, నేను వచ్చినప్పుడు ఇస్తాను. అది చేప కాదని వాడికి చెప్పు. అమ్మ పేరు మీద ఒకరు సముద్రంలో మునిగారని మాత్రం అమ్మకు ఇప్పుడు చెప్పకు. యాదమ్మగారు ఇంటికి వచ్చాక నేనే చెప్తాను. ఆమె ఇంటికి రావాలని నీ దేవుడి గూటి ముందు ఒక్కసారి అడుగు. నేను రోజూ అడుగుతున్నాను, నా గొంతు ఎంత దూరం పోతుందో నీకు తెలుసు.

నాన్నకూ అమ్మకూ నా నమస్కారాలు. బావగారిని అడిగానని చెప్పు. చింటూకు ముద్దులు. నీ కాళ్ళకు దండం పెడుతున్నాను, దూరం నుంచే నెత్తిన చెయ్యి పెట్టు.

నీ చెల్లెలు
స్వర్ణ

అక్కా, క్లిప్పు పాడవలేదు. ఆమె తన వల్ల కావడం లేదంది. నేను నిచ్చెన మీదికి వంగి, రెండు వైపులా నొక్కి ఊడదీశాను.